మా నాయనమ్మ ఒప్పుకున్న సత్యభామ

మా నాయనమ్మ లెక్కలో సత్యభామలు ఇద్దరే. ఒకరు బాపట్ల స్థానం నరసింహారావు గారు. ఇంకొకరు దుగ్గిరాల జమున. మొదటి పేరు ఎత్తితే చాలు, ఆవిడ కూర్చున్నచోటే కొంగు సర్దుకుని నిటారుగా కూర్చునేది. రెండో పేరు ఒప్పుకోవడానికి మాత్రం ఆవిడకు ఒక రాత్రి పట్టింది. 1966లో సంగతి అది. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు.

మాది తెనాలి దగ్గర పల్లె. మా వైపు నాటకమంటే ప్రాణం పెట్టేవాళ్ళు. నాయనమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో తెనాలిలో రామవిలాస సభ వారి నాటకం ఉందంటే బండి కట్టేవారట. ముత్తరాజు సుబ్బారావు గారి 'శ్రీకృష్ణ తులాభారం' నాటకంలో స్థానం వారు సత్యభామ. మగవాడన్న సంగతి అందరికీ తెలుసు. తెలిసి కూడా, ఆయన నడిచి వస్తుంటే మా నాయనమ్మ తోటికోడలు "ఈవిడెవరో మనకంటే బాగా చీర కట్టిందే" అని చెవిలో అన్నదట. ఆ మాట నాయనమ్మ నాకు కనీసం వందసార్లు చెప్పి ఉంటుంది. 'మీరజాలగలడా నా యానతి' అన్న పాట ఆయన ఆ నాటకం కోసం తానే కట్టుకున్నది. ఆ పాట మొదలయ్యేసరికి పందిట్లో పిల్లల ఏడుపు కూడా ఆగిపోయేదని చెప్పేది. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారని పేపర్లో చూసి మా నాన్న చదివి వినిపిస్తే, నాయనమ్మ ఆ పూట పాయసం వండిందట.

అలాంటి మనిషికి, ఆ నాటకాన్ని సినిమాగా తీశారని, జమున సత్యభామ అని తెలిస్తే ఎలా ఉంటుంది? "సినిమా వాళ్ళకేం తెలుసే సత్యభామ" అన్నది. అన్నదే గాని బండి కట్టమన్నది కూడా ఆవిడే.

జమున గారంటే మా ఇంట్లో ఇంకో రకమైన దగ్గరితనం ఉండేది. ఆవిడ పుట్టింది 1936లో, ఎక్కడో హంపిలో. పెరిగిందంతా మా దుగ్గిరాలలో. తండ్రి నిప్పాణి శ్రీనివాసరావు గారు, తల్లి కౌసల్యాదేవి. ఇంట్లో పెట్టిన పేరు జానాబాయి. జాతకం ప్రకారం నది పేరు ఉంటే మంచిదని ఎవరో చెప్తే మధ్యలో ఒక అక్షరం చేర్చి జమున చేశారని అంటారు. కన్నడ దేశం నుంచి వచ్చిన ఆ పిల్ల నోట మా గుంటూరు జిల్లా తెలుగు ఎంత అందంగా పలికేదో, 'గుండమ్మ కథ'లో సరోజ విసుక్కుంటూ మాట్లాడే తీరు ఒక్కటి వింటే చాలు.

మా నాన్న ఏటా పసుపు అమ్మడానికి దుగ్గిరాల వెళ్ళేవాడు. ఒకసారి నేనూ వెంటబడి వెళ్ళాను. పసుపు యార్డు చూడని వాళ్ళకి ఆ వాసన ఎలా చెప్పను! గాలే పచ్చగా ఉంటుంది. గోనెల మీద, కాటా మీద, మనుషుల చేతుల మీద, చివరికి తాగే నీళ్ళ గ్లాసు మీద కూడా పసుపే. నాన్న బేరం మాట్లాడుతుంటే నేను అక్కడ ఒకాయన్ని జమున ఇల్లెక్కడ అని అడిగాను. ఆయన కాటా వదలకుండానే గడ్డంతో ఒక వీధి వైపు చూపించి, "వాళ్ళు మద్రాసు వెళ్ళి ఎన్నేళ్ళయిందమ్మా" అన్నాడు. అయినా నేను ఆ వీధి చివరిదాకా నడిచి వచ్చాను. ఏ ఇల్లో తెలియదు. ఇంటికి వచ్చాక నా పరికిణీ అంచు పసుపు రంగు అయ్యిందని అమ్మ తిట్టింది. నేను మాత్రం అది ఉతకనివ్వనని ఏడ్చాను.

ఆ ఊళ్ళోనే తల్లి ఆ పిల్లకు హార్మోనియం నేర్పింది, పాట నేర్పింది. ఇది చదివి ఊరుకునే సంగతి కాదు. అప్పుడు మా పల్లెల్లో పాట వచ్చిన ఆడపిల్లను ఇంట్లో పాడుకోమనేవారు, అంతకు మించి గడప దాటనిచ్చేవారు కాదు. కౌసల్యాదేవి గారు ఆ పిల్లను స్టేజీ ఎక్కించారు. తర్వాత సినిమాల్లో పెద్ద పేరు తెచ్చుకున్న కొంగర జగ్గయ్య గారు అప్పుడు దుగ్గిరాలలో మాస్టారు. ఆయన చేసే నాటకానికి పిల్ల కావలసి వచ్చి, 'ఖిల్జీ రాజ్య పతనం' ఆడటానికి తెనాలి దగ్గర మందూరు తీసుకెళ్ళారు. ఇంకో విచిత్రం, విజయవాడ నుంచి నాటకాల వాళ్ళతో వచ్చిన మరో చిన్నపిల్ల దుగ్గిరాలలో ఈ జమున ఇంట్లోనే బస చేసింది. ఆ పిల్ల సావిత్రి. పదేళ్ళు తిరిగేసరికి ఇద్దరూ ఒకే తెర మీద అక్కాచెల్లెళ్ళు. బయట కూడా జమున గారు సావిత్రిని అక్కగానే చూసుకున్నారు.

ఆ రోజుల్లో కమ్యూనిస్టుల నాటక సంఘం ప్రజానాట్యమండలి ఊరూరా తిరిగేది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు రాసిన 'మా భూమి' నాటకాన్ని మా నాన్న కుర్రతనంలో చూశాడు. తెలంగాణ రైతుల పోరాటం కథ. తర్వాత ప్రభుత్వం దాన్ని నిషేధించింది కూడా. ఆ నాటకం గురించి చెప్పేటప్పుడు నాన్న ముఖం మారిపోయేది. లాంతర్లు, పెట్రోమాక్సు దీపాలు, చాపల మీద జనం, తెల్లవారుజాము దాకా కదలని మనుషులు. అన్నిటికంటే ఆయనకు ఆశ్చర్యం, స్టేజీ మీద నిజం ఆడపిల్లలు ఉండటం. అంతకు ముందు ఆడవేషమంటే ఎక్కువగా మగవాళ్ళే కదా. జమున కూడా ఆ నాటకంలో వేషం వేసింది. దాన్ని చూసే డాక్టర్ గరికపాటి రాజారావు గారు ఆవిడను తన 'పుట్టిల్లు' సినిమాకు తీసుకున్నారు. 1953లో వచ్చింది. మన అల్లు రామలింగయ్య గారికి కూడా అదే మొదటి సినిమా. సినిమా ఆడలేదు. హీరోయిన్ మాత్రం నిలబడింది.

'మిస్సమ్మ' దగ్గరికి వచ్చేసరికి అదృష్టం కూడా కలిసి వచ్చింది. మేరీ వేషానికి ముందు అనుకున్నది భానుమతి గారిని. సావిత్రి రెండో వేషం, సీత. భానుమతి గారు తప్పుకున్నాక సావిత్రి మేరీ అయితే, ఖాళీ అయిన సీత జమునకు వచ్చింది. 1955 అది. అదే కథ హిందీలో 'మిస్ మేరీ' అయినప్పుడు కూడా జమునే ఆ వేషం వేశారు. సావిత్రి లాంటి మహానటి పక్కన నిలబడి, తన మీద నుంచి చూపు తిప్పుకోనివ్వకపోవడం ఎంత కష్టమో ఆలోచించండి. సీత పెద్దగా ఏమీ చేయదు. సంగీతం నేర్చుకుంటుంది, అలుగుతుంది, గెంతుతుంది. కానీ ఆ పిల్ల వచ్చిందంటే ఇంట్లో కిటికీ తీసినట్టు ఉంటుంది.

ఇక ఆ రాత్రి.

మధ్యాహ్నమే సున్నుండలు కట్టుకుని, బండిలో గడ్డి పరిచి, దాని మీద దుప్పటి వేసుకుని బయలుదేరాం. నాయనమ్మ, అమ్మ, మా అత్తయ్య, నేను, చెల్లి. నాన్న బండి తోలాడు. తెనాలి చేరేసరికి దీపాలు పెట్టారు. హాల్లో ఆడవాళ్ళకు విడిగా బెంచీలు ఉండేవి. మాకు స్తంభం పక్కన చోటు దొరికింది. నాయనమ్మ స్తంభానికి ఆనుకుని, చేతులు కట్టుకుని కూర్చుంది. నచ్చనిది చూడటానికి వచ్చినట్టే ఉంది ఆ వాలకం.

రామానాయుడు గారు తీసిన సినిమా, కమలాకర కామేశ్వరరావు గారు డైరెక్టరు. కృష్ణుడు ఎన్టీఆర్, రుక్మిణి అంజలీదేవి, నారదుడు కాంతారావు. ఎన్టీఆర్ కనబడగానే నేల క్లాసులో కొబ్బరికాయలు కొట్టారు. నాయనమ్మ కదల్లేదు. జమున వచ్చింది. కదల్లేదు. నేను సినిమా చూడటం మానేసి నాయనమ్మ మొహమే చూస్తున్నాను, ఎక్కడ లేచి పోదాం పదండి అంటుందోనని. నాకు అదొక టెన్షన్.

'మీరజాలగలడా' మొదలైంది. సుశీల గారి గొంతు. నాయనమ్మ పెదవులు మెల్లగా కదిలాయి, తనకు తెలియకుండానే పాడుతోంది. తెర మీద జమున మెడను కాస్త పక్కకు వంచి, కళ్ళు సగం మూసి, మళ్ళీ ఓరగా తెరిచి చూసింది. అంతే. కృష్ణుడు నా మాట దాటగలడా అని అడగటం లేదు ఆ మనిషి, దాటలేడని తేల్చి చెబుతోంది. నాయనమ్మ కట్టుకున్న చేతులు విప్పింది. స్తంభం వదిలి ముందుకు వంగింది.

అలక ఘట్టం వచ్చింది. కృష్ణుడు బతిమాలి, కాళ్ళ దగ్గరకు వంగితే, సత్యభామ ఎడమకాలితో ఆయన తలను తోసేస్తుంది. నంది తిమ్మన గారు 'పారిజాతాపహరణం'లో రాసినప్పటి నుంచి తెలుగువాళ్ళకు ఇది కొత్త కాదు. అయినా అక్కడ ఉన్నది ఎన్టీఆర్. అప్పటికే జనం ఆయన ఫోటో పటం కట్టించి దేవుడి గదిలో పెట్టుకునేవాళ్ళు. హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. నా వెనక ఎవరో ముసలావిడ "అయ్యో, అయ్యో" అన్నది. ఇంకొకావిడ "ఊరుకో, కథ అలాగే ఉంది" అని సర్దింది. అంత పని చేసిన సత్యభామ మీద ఎవరికీ కోపం రాలేదు, అదీ అక్కడి విశేషం. కాలు కదిపిన వేళ ఆ మొహంలో పొగరు ఎంత ఉందో, ఆ మగడి మీద పిచ్చిప్రేమ కూడా అంతే ఉంది. తులాభారం దగ్గర నగలన్నీ తీసి వేసినా తక్కెడ లేవనప్పుడు, ఆ పెద్ద కళ్ళల్లో భయం పెరుగుతూ పోయింది. రుక్మిణి తులసిదళం వేశాక తల వంచింది చూడండి, అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్లకు సత్యభామ ఓడిపోవడం నచ్చలేదు.

బయటికి వచ్చాక నాయనమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. బండిలో కూడా లేదు. మా అత్తయ్య రెండుసార్లు కదిపి చూసి ఊరుకుంది. నేను నిద్రపోయాను.

మర్నాడు పొద్దున నాకు జడ వేస్తూ చెప్పింది. నా తల వెనక్కి గట్టిగా లాగి పట్టుకుని, మూడు పాయలు తీస్తూ అన్నది: "మెడ తిప్పటం స్థానం వారిదే. ఆయన దగ్గర పట్టుకుంది. కానీ ఆఖర్న తల వంచింది చూడు, ఆ వంచటం ఆ పిల్లదే. మగవాడికి రాదు అది."

ఆ తర్వాత ఎవరడిగినా సత్యభామలు ఇద్దరని చెప్పడం మొదలుపెట్టింది.

నిజానికి జమున గారికి అది మొదటి సత్యభామ కాదు. 1957లో సముద్రాల వారి 'వినాయక చవితి'లోనే చేశారు. అయితే జనం మనసులో ముద్ర పడింది మాత్రం 'తులాభారం'తోనే. ఆ తర్వాత తెలుగునాట ఏ ఆడపిల్ల మూతి ముడిచినా "అబ్బో, జమున" అనేవాళ్ళు. నన్ను మా మేనమామ పెళ్ళయ్యేదాకా అలాగే పిలిచాడు.

ఆ పొగరు అన్న మాట జమున గారి జీవితాన్ని వెంటాడింది. పెద్ద హీరోలిద్దరూ, ఎన్టీఆర్, ఏఎన్నార్, ఒక దశలో ఆవిడతో నటించడం మానేశారు. ఒకటీ రెండు నెలలు కాదు, దాదాపు మూడేళ్ళు. అప్పటి తెలుగు సినిమాలో ఆ ఇద్దరూ వద్దంటే ఒక హీరోయిన్‌కి ఇంకేం మిగులుతుంది? పాతికేళ్ళు కూడా లేని మనిషి. చెయ్యని తప్పుకు క్షమాపణ చెప్పనన్నానని ఆవిడే తర్వాత ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు. జగ్గయ్య, హరనాథ్ లాంటి వాళ్ళ పక్కన వేషాలు వేశారు, హిందీకి వెళ్ళారు, తర్వాత 1963లో 'హమ్‌రాహీ'లో రాజేంద్రకుమార్ పక్కన హీరోయిన్ కూడా అయ్యారు. కానీ వంగలేదు. నేను దీన్ని పొగరు అనను. హీరో అలిగితే ఆయన వ్యక్తిత్వం అని, హీరోయిన్ అలిగితే తలబిరుసు అని రాసిన రోజులవి. నా మటుకు నాకు ఆవిడ చేసిన వేషాలన్నిటికంటే ఆ మూడేళ్ళు ఎక్కువ ఇష్టం.

చివరికి విజయా వారి చక్రపాణి గారు మధ్యలో పడి సర్దుబాటు చేశారు. 'గుండమ్మ కథ' 1962లో వచ్చింది. ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, జమున, ఎస్వీ రంగారావు, పైన సూర్యకాంతం. నలుగురూ తోటలో పాడే 'కోలో కోలోయన్న' పాట చూసినప్పుడు ఈసారి గమనించండి, ఇద్దరిద్దరే కనిపిస్తారు. నలుగురికీ డేట్లు ఒకేసారి కుదరక విడివిడిగా తీసి కలిపారు. ఎన్నిసార్లు చూశానో, ఈ సంగతి తెలిశాక కూడా నాకు వాళ్ళు నలుగురూ ఒకే తోటలో ఉన్నట్టే అనిపిస్తుంది. గారాల కూతురు సరోజ కూలి పని చేసి, చెమట తుడుచుకుంటూ, మొగుడి పక్కన నేల మీద కూర్చుని తినే మార్పును ఆవిడ ఎంత నమ్మకంగా చేశారో చెప్పలేను.

1971లో మా స్కూల్లో వార్షికోత్సవానికి పారిజాతం కథను చిన్న నాటకంగా వేశాం. నేను సత్యభామ. నాయనమ్మ నెల రోజులు నేర్పింది. సాయంత్రం వంటింటి వెనక అరుగు మీద, ఆవిడ పీట మీద కూర్చుని, నేను ఎదురుగా. "కోపం మొహంలో పెట్టకే, మెడలో పెట్టు" అనేది. "నవ్వకు. సత్యభామ గెలిచినప్పుడు కూడా నవ్వదు." నాకు అర్థమయ్యేది కాదు. తెర మీద చూసిన జమునను గుర్తు చేసుకుని మెడ వంచితే, "ఆఁ, అదీ" అనేది.

జడకుప్పెలు నాయనమ్మవే. వెండివి, బంగారు పూత, ఎర్ర పట్టుదారం కుచ్చులు, మూడు కుప్పెలు. ఒక్కో దాని అడుగున సన్నటి మువ్వలు. నా జడ పొట్టిది కాబట్టి సవరం పెట్టి, మోకాళ్ళ దాకా దించి, చివర అవి కట్టింది. నడిస్తే పిక్కలకు చల్లగా తగిలేవి. ఆ బరువుకి తల దానంతట అదే పైకి లేస్తుంది. సత్యభామ ఎందుకు అలా నడుస్తుందో నాకు అప్పుడు తెలిసింది. తల వంచితే ఆ జడ లాగేస్తుంది మరి.

నాటకం బాగా సాగింది. అలక దగ్గర జడ ముందుకు విసిరాను. ఒక కుప్పె ఊడి, స్టేజీ మీద గణగణా దొర్లుకుంటూ వెళ్ళి జనంలో పడింది. ఎవరో పకాల్న నవ్వారు. నాకు కాళ్ళు వణికాయి. ముందు వరుసలో నాయనమ్మ కనిపించింది. ఆవిడ నా వైపు చూసి, తన మెడను కొద్దిగా, చాలా కొద్దిగా పక్కకు తిప్పింది. నేనూ తిప్పాను. హాలు సద్దుమణిగింది. ఆ తర్వాత ఆ కుప్పె కోసం వెతికాం, బెంచీల కింద, ఇసుకలో, మర్నాడు పగలు కూడా. దొరకలేదు. ఏడుస్తుంటే నాయనమ్మ "పోనీలే, సత్యభామ నగలు పోగొట్టుకోకపోతే తులాభారం ఎలా అవుతుంది" అన్నది.

ప్రైజు వచ్చింది. జిల్లా పోటీలకు పంపమని స్కూలు వాళ్ళు ఇంటికి వచ్చి అడిగారు. నాన్న వద్దన్నాడు. 'మా భూమి'లో ఆడపిల్లలు ఎంత ధైర్యంగా నటించారో అని తెల్లవార్లూ చెప్పిన నాన్నే. "ఇక చాలమ్మా, పెద్దదానివి అయ్యావు" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. అంత ప్రేమగా అన్నాడు కాబట్టి ఎదురు చెప్పలేకపోయాను. ఆ రాత్రి నేను కౌసల్యాదేవి గారి గురించి ఆలోచించాను. దుగ్గిరాలలో ఒకమ్మ తన కూతురికి హార్మోనియం ముందు కూర్చోబెట్టి సరళీస్వరాలు చెప్పిందే, ఆ అమ్మ మా వీధిలో ఉంటే ఎంత బాగుండు అనుకున్నాను. అమ్మకు ఆ మాట చెప్పలేదు. చెప్తే బాధపడుతుందని తెలుసు.

పెళ్ళయ్యాక రాజమండ్రి వచ్చాను. ఇక్కడివాళ్ళకు జమున అంటే సత్యభామ కాదు, గౌరి. 'మూగమనసులు' గౌరి. ఆదుర్తి సుబ్బారావు గారు గోదావరి మీద తీసిన సినిమా, 1964. ముళ్ళపూడి వారి కథ, ఆత్రేయ గారి మాటలు, మామ మహదేవన్ సంగీతం. పడవ నడిపే గోపి ఏఎన్నార్, అతను మనసులో కొలుచుకునే అమ్మాయిగారు సావిత్రి. వీళ్ళిద్దరి మధ్య, గోపి కోసం ప్రాణం పెట్టే గౌరి. 'గోదారి గట్టుంది, గట్టుమీన చెట్టుంది' అని ఆ పిల్ల పరికిణీ ఎగదోపి గంతులేస్తుంటే, నిన్నటిదాకా రాణివాసంలో అలిగిన మనిషి ఈవిడేనా అనిపిస్తుంది. గౌరి గట్టిగా నవ్వుతుంది, గట్టిగా కొట్లాడుతుంది, ఏడ్చేటప్పుడు మాత్రం ఎవరికీ కనపడనివ్వదు. దాన్ని ఆదుర్తి గారే హిందీలో 'మిలన్'గా తీస్తే అక్కడ సునీల్‌దత్, నూతన్ వచ్చారు. గౌరిని మాత్రం మార్చలేదు, అక్కడా జమునే. ఉత్తమ సహాయనటిగా ఫిలింఫేర్ అవార్డు కూడా వచ్చింది. హిందీవాళ్ళకు కూడా ఆ వేషానికి ఇంకో మనిషి దొరకలేదన్నమాట.

1989లో ఆవిడ రాజమండ్రి నుంచి కాంగ్రెస్ తరఫున పార్లమెంటుకు నిలబడ్డారు. ప్రచారానికి మా వీధి మీదుగా వెళ్ళారు. పైకప్పు లేని జీపులో నిలబడి, నేత చీర, పెద్ద బొట్టు, చేతులు జోడించి. ఇంటి పనులు వదిలేసి ఆడవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చారు. మా పక్కింటి ముసలావిడకు చూపు ఆనదు. "ఎవరే, గౌరేనా?" అని అరిచింది. జీపు దాటిపోయింది. ఆవిడ విన్నారో లేదో నాకు తెలియదు. నేను మాత్రం ఆ మెడే చూశాను. యాభై మూడేళ్ళ వయసు, ఎండ, దుమ్ము, మైకుల గోల. ఆ మెడ వాలలేదు. ఆ ఎన్నికల్లో గెలిచారు. రెండేళ్ళకే మళ్ళీ ఎన్నికలు వచ్చి ఓడిపోయారు. రాజకీయాలు నాకు పెద్దగా తెలియవు, వాటి గురించి రాయను.

ఇంటి జీవితం కూడా ఆవిడ తన పద్ధతిలోనే నడుపుకున్నారు. 1965లో జూలూరి రమణారావు గారిని పెళ్ళి చేసుకున్నారు. ఆయన జువాలజీ ప్రొఫెసరు, సినిమాలకు సంబంధం లేని మనిషి. పెళ్ళయిన మరుసటి ఏడే కదా ఆ 'తులాభారం'. పెళ్ళయితే హీరోయిన్ పని అయిపోయినట్టే అనుకునే కాలంలో, ఆవిడ పేరు చెప్తే ముందు గుర్తొచ్చే వేషం పెళ్ళి తర్వాతే వచ్చింది. 1972లో 'పండంటి కాపురం' రాణీ మాలినీదేవిగా, హీరోయిన్ వయసు దాటాక కూడా కథ మొత్తాన్ని ఒక చూపుతో నడిపించారు.

2023 జనవరి 27, శుక్రవారం. పొద్దున్నే చెల్లి గుంటూరు నుంచి ఫోన్ చేసింది. "అక్కా, టీవీ పెట్టు" అన్నది, ఇంకేం చెప్పలేదు. హైదరాబాదులో జమున గారు వెళ్ళిపోయారు. ఎనభై ఆరేళ్ళు. అన్ని ఛానళ్ళలో 'మీరజాలగలడా' ఒక్కో ముక్క వేస్తున్నారు. నేను, చెల్లి ఫోన్ పెట్టేయకుండా, మాట్లాడుకోకుండా, ఇద్దరం రెండు ఊళ్ళలో ఒకే పాట చూశాం. నాయనమ్మ 1978లోనే పోయింది. నాన్న కూడా లేడు. పోయే ముందు ఏడాది ఒకసారి, ఏ సందర్భమూ లేకుండా, "ఆ పోటీలకు నిన్ను పంపాల్సింది" అన్నాడు. నేను ఫరవాలేదులే నాన్నా అన్నాను.

ఆ వేసవిలో న్యూజెర్సీ నుంచి నా కూతురు వీడియో కాల్ చేసింది. పక్కన మనవరాలు. కూచిపూడి క్లాసులో భామాకలాపం మొదలుపెట్టారట. అక్కడ దొరికే జడకుప్పెలు ప్లాస్టిక్‌వి, బరువే ఉండటం లేదని టీచర్ అంటోందట. "అమ్మమ్మా, నీ దగ్గర నిజమైనవి ఉన్నాయా?" అని అడిగింది. నేను దానికి ఫోన్లోనే జమున గారి పాట పెట్టి చూపించాను. రెండోసారి పెట్టమన్నది. మూడోసారి తనూ మెడ వంచి చూసింది. "మొహంలో కాదే, మెడలో" అన్నాను, నోరు దానంతట అదే అనేసింది.

ట్రంకుపెట్టె తీశాను. నాయనమ్మ చీర ముక్కలో చుట్టి ఉన్నాయి, నల్లబడి. చింతపండుతో తోమాను. ఎర్ర దారం పొడిపొడిగా రాలిపోతుంటే బజారుకు వెళ్ళి కొత్త పట్టుదారం తెచ్చి, కుచ్చులు కట్టించాను. షాపతను మూడోది కూడా అలాంటిదే చేయించి ఇస్తానన్నాడు. కాసేపు ఆలోచించి వద్దన్నాను. రెండే పంపాను.